డబుల్యూ మీట మీది అవ్వ

భూపాల్‌రావు మంచిర్యాలకు కంప్యూటర్ తెచ్చిన రోజున మద్రాసు బండి ఆగకూడనంతసేపు ఆగిందనీ, ఇంజను డ్రైవరు దిగివచ్చి ఆ పెట్టెకు దండం పెట్టిపోయాడనీ మార్కెట్ రోడ్డులో చాలాకాలం చెప్పుకున్నారు. ఇందులో నిజమెంతంటే, బండి ఆగింది. డ్రైవరు దిగింది మాత్రం చాయ్ కోసం. కంప్యూటర్ ఆ బండిలో రానేలేదు. కరీంనగర్ నుంచి బస్సు టాపు మీద, మిరపకాయల బస్తాల నడుమ, బొంతల్లో చుట్టుకొని వచ్చింది. అందుకే మొదటి వారమంతా దాని దగ్గరికి వెళ్ళిన ప్రతివాడూ తుమ్మాడు.

అది తొంభయ్యో సంవత్సరం. భూపాల్‌రావుది సుల్తానాబాద్. దొరల ఇంట్లో చిన్నకొడుకు. అన్నలు రైస్‌మిల్లూ వడ్ల వ్యాపారమూ పంచుకోగా ఇతని వంతుకు కాలువ కింద ఒక మడి, కొంత ఇంగ్లీషు, ఊళ్ళో ఎవరూ చేయని పనే చేయాలనే దురద మిగిలాయి. సుల్తానాబాద్‌లో అందరూ అతన్ని దొరా అనేవారు. మంచిర్యాలలో రావుసాబ్ అనేవారు. భార్య సరళాదేవి పేరు పెట్టి పిలిచేది కాదు, కోపమొస్తే అసలే పిలిచేది కాదు. ఈ భూమ్మీద అతన్ని "ఏందోయ్ భూపాల్" అనేవాడు ఒక్కడే ఉండేవాడు. లింగమూర్తి.

సుల్తానాబాద్ బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. దొర కొడుకు పక్కన కూర్చోవడానికి మిగతా పిల్లలు జంకితే, లింగమూర్తి మొదటిరోజే మోచేత్తో పొడిచి "ఏందోయ్, జర జరుగు" అన్నాడట. జరిగాడు. అప్పటినుంచి ఆ పిలుపు వినకపోతే భూపాల్‌రావుకు తానెవరో తనకే అనుమానం వచ్చేది. తరువాత లింగమూర్తి తండ్రి బొగ్గు తవ్వడానికి బెల్లంపల్లి పోయి, అక్కడి బాయిలోనే పోయాడు. తల్లి పోచవ్వ కొడుకును తీసుకొని మంచిర్యాల రైల్వేగేటు దగ్గర ఒక రేకుల ఇంట్లో కుదురుకుంది. లింగమూర్తి ప్రెస్సులో కంపోజిటరయ్యాడు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరసపెట్టి, వాక్యం కట్టే పని. ఇరవై ఏళ్ళు ఆ పని చేసినవాడి వేళ్ళు నల్లబడి, సన్నబడి, పిచ్చుక ముక్కుల్లా అయ్యాయి.

భూపాల్‌రావు కంప్యూటర్ కొన్నాక మొదట పరుగెత్తింది ఆ వేళ్ళ దగ్గరికే. దుకాణానికి ఇద్దరి పేర్లూ కలిపి 'భూలింగం కంప్యూటర్స్' అని బోర్డు పెట్టారు. అది శివుడి పేరనుకొని పల్లెల నుంచి వచ్చేవాళ్ళు చాలామంది గడప బయట చెప్పులు విప్పేవాళ్ళు. ఒక ముసలామె కొబ్బరికాయ కూడా కొట్టిందని లింగమూర్తి చెప్పేవాడు. చెక్కలో సగం తానే తిన్నాననీ చెప్పేవాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ పెట్టెకు తెలుగు రాదు. డాస్ అనే ఆ నల్ల తెర మీద ఇంగ్లీషు తప్ప మరొకటి కనిపించదు. పెళ్ళికార్డులూ, సంఘాల కరపత్రాలూ, దినాల కార్డులూ ఇంగ్లీషులో వేస్తే మంచిర్యాలలో ఎవరు చదువుతారు? అమ్మకానికి దొరికే తెలుగు ప్యాకేజీ ధర వింటే సరళాదేవి రెండు రోజులు మాట్లాడలేదు. అందుకని ఇద్దరూ కలిసి తెలుగు అక్షరాలను తామే తయారుచేయడానికి కూర్చున్నారు.

గళ్ళ కాగితం మీద లింగమూర్తి పెన్సిలుతో చుక్కలు నింపేవాడు. ఏ గడిలో చుక్క ఉందో, ఏ గడిలో లేదో భూపాల్‌రావు చూసి మిషన్‌కు చెప్పేవాడు. అకారం ఒక ఆదివారమంతా తిన్నది. ఱ దగ్గర ఇద్దరికీ మాటలు బందయ్యాయి. క్షకారం ప్రింటరులోంచి మొదటిసారి బయటికి వచ్చినప్పుడు చచ్చిన తేలులా ఉందని పోచవ్వ చెప్పు తీసింది. ఆ ప్రింటరు మోత ఎంతటిదంటే, గేటు దగ్గర గూడ్సుబండి గార్డు దాన్ని ఏదో ప్రమాదం అనుకొని ఎర్రజెండా ఊపాడంటారు.

పోచవ్వ మధ్యాహ్నం ఇద్దరికీ సద్ది తెచ్చేది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. వచ్చి, పెట్టె ముందు మొహాలు పెట్టుకొని కూర్చున్న ఇద్దరినీ చూసి నడుం మీద చేతులు వేసేది.

"గా పెట్టె ఏమన్న అన్నం పెడ్తదార?"

"పెడ్తదవ్వా. జర ఓపిక పట్టు," అనేవాడు లింగమూర్తి.

"పెట్టిన్నాడు చూస్త గని, ఇప్పుడు నేను పెట్టింది తినుండ్రి. భూపాలు బిడ్డా, నువ్వన్న తిను. వీనికి సీసం తిని తిని ఆకలే సచ్చిపోయింది."

వొత్తుల దాకా వచ్చేసరికి మీటలు చాలలేదు. తెలుగుకు గుణింతాలూ వొత్తులూ కలిపితే పెద్ద పటాలం. ఇంగ్లీషు మీటలు చూస్తే పిడికెడు. ఏ వొత్తుకు సొంత మీట ఇవ్వాలి, దేన్ని రెండు మూడు మీటల వెనక దాచాలి అని వాదన. భూపాల్‌రావు పుస్తకం చూసి, క్క, త్త, ల్ల ముందు ఇద్దామన్నాడు. లింగమూర్తి పెన్సిలు చెవిలో పెట్టుకున్నాడు.

"ఏందోయ్ భూపాల్, నువ్వు సదివిన పుస్తకంల మన పోరగాండ్ల అవ్వలు లేరానోయ్? పోచవ్వ, దుర్గవ్వ, యాదవ్వ, రాజవ్వ, ఎల్లవ్వ. కార్డు మీద సగం పేర్లు వ్వ మీదనే బతుకుతయి. ముందు గా వ్వకు ఒక మీట ఇయ్యి."

"ఏ మీట ఇయ్యాలె?"

"డబుల్యూ. చూడు, రెండు 'వీ'లు పక్కపక్కన నిలబడ్డట్టు లేదూ? డబుల్ వీ అంటే డబుల్ వ. వ్వ."

భూపాల్‌రావు నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీశాడు. ఆ మీట వ్వకే ఇచ్చారు. ఒక్క వేలు తగిలిస్తే చాలు, వకారం తన వొత్తును చంకనెత్తుకొని వచ్చేది. ఆ వొత్తు తోకను లింగమూర్తి కొంచెం పైకి తిప్పాడు. అలా ఎందుకు తిప్పావంటే, కొంగు దోపుకున్నట్టు ఉంటుంది అన్నాడు.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి మొదట అచ్చువేసిన మాట 'పోచవ్వ'. అంచున రంధ్రాలున్న కాగితం మీద, బూడిదరంగు చుక్కలతో. పోచవ్వకు చదువు రాదు. ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "గిది నేనేనా?" అని అడిగింది.

"నువ్వేనవ్వా."

"మరి గింత సన్నగున్న," అంది. కానీ తీసుకుపోయి భర్త ఫోటో వెనక దోపుకుంది. గళ్ళ కాగితాలన్నీ కూడా తీసుకుపోయింది. అవి ఏమయ్యాయని తరువాత లింగమూర్తి అడిగితే, "పొయ్యిల పెట్టిన కొడుకా. అక్షరాలు పెట్టెలకు పోయినయంటిరి గద, ఇగ ఉత్త కాయితం ఎందుకు?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. అక్షరాలు నిజంగానే ఫ్లాపీల్లోకి పోయాయి. మిషన్ లోపలి డిస్కు ఏడాది తిరక్కముందే మూగబోయింది కాబట్టి, రోజూ పొద్దున ఆ ఫ్లాపీలు పెడితేగాని పెట్టెకు తెలుగు వచ్చేది కాదు. వాటి కవర్ల మీద లింగమూర్తి తన గుండ్రటి రాతతో 'మన అక్షరాలు' అని రాశాడు. దసరాకు పోచవ్వ వచ్చి ఒక్కో కవరుకూ పసుపూ కుంకుమా పెట్టింది.

నాలుగేళ్ళు ఆ చుక్కల అక్షరాలతోనే బతికారు. బెల్లంపల్లి నుంచి లక్షెట్టిపేట దాకా ఎవరి ఇంట్లో పెళ్ళయినా, ఎవరు పోయినా, కార్డు మీద కొంగు దోపుకున్న వ్వ కనిపించేది. ఆ వొత్తును చూసి ఇది భూలింగం కార్డు అని దూరం నుంచే చెప్పేవాళ్ళున్నారు.

తొంభై నాలుగులో ఎదురు వరసలో కొత్త దుకాణం వచ్చింది. రంగుల తెర. అక్షరాలు పాలిష్ పెట్టినట్టు నున్నగా ఉన్నాయి. ఒక పెళ్ళివారు భూపాల్‌రావు వేసిన నమూనా కార్డు చూసి, చీమలు పారినట్టుందని పక్కన పెట్టి, రోడ్డు దాటి పోయారు. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. ఆ వారంలోనే హైదరాబాద్ నుంచి సఫారీ తొడుక్కున్న డీలరు ఒకడు వచ్చాడు.

"డాస్ జమానా ఖతం, సార్. విండోస్‌కు అప్‌గ్రేడ్ చేసుకోండి. ఉత్త అప్‌గ్రేడే గద, తక్కువల అయితది."

తక్కువలోనే మొదలైంది. కానీ ఆ కొత్త విండోస్ పాత మిషన్‌లో కూర్చోదు. దానికి కొత్త మిషన్ కావాలి. కొత్త మిషన్‌కు మెమరీ చాలదు, మరికొంత కావాలి. రంగుల తెర లేకపోతే దాని అందం తెలియదు. మౌస్ లేనిది అది పలకదు. వీటన్నిటి మీదా తెలుగు పలకాలంటే మద్రాసు నుంచి కొత్త అక్షరాల ప్యాకేజీ తెప్పించాలి. ఒక అల్లుణ్ణి పండుగకు పిలిస్తే వాడి వెనక వాడి తమ్ముళ్ళూ, తమ్ముళ్ళ తోడల్లుళ్ళూ దిగినట్టు ఉందని సరళాదేవి అంది. కాలువ కింది మడి అమ్మడానికి భూపాల్‌రావు సుల్తానాబాద్ పోయివచ్చిన రోజున, పోచవ్వ సద్దితో వచ్చి విషయమంతా విన్నది.

"ఏమంటరు బిడ్డా దాన్ని?"

"అప్‌గ్రేడ్, అవ్వా."

"పేర్లనే అప్పున్నది గద," అంది ఆమె రొట్టె విరుస్తూ.

లింగమూర్తి నవ్వలేదు. "మన అక్షరాలు గా కొత్తదాంట్ల నడుస్తయా?" అని మాత్రం అడిగాడు.

"నడిపిద్దాం తియ్యి," అన్నాడు భూపాల్‌రావు. నడవవని డీలరు అప్పటికే చెప్పాడు.

కొత్త మిషన్ బిగించే రోజున లింగమూర్తి దుకాణంలో లేడు. పోచవ్వకు దమ్ము ఎగపోస్తుంటే ఆస్పత్రికి తీసుకుపోయాడు. డీలరు మౌస్ తీగ విప్పుతూ, తెచ్చిన అసలు ఫ్లాపీలను జాగ్రత్తగా దాచిపెట్టి, నకళ్ళు తీసి, ఆ నకళ్ళతోనే ఎక్కించాలని చెప్పాడు. ఖాళీ ఫ్లాపీలు ఇవ్వమన్నాడు. భూపాల్‌రావు సొరుగు లాగి ఉన్నవన్నీ ఇచ్చాడు. చాలలేదు. మంచిర్యాలలో దొరికేవి కావు. కరీంనగర్ పోవాలి. మధ్యాహ్నం బస్సుకు పోతే దీపాలు పెట్టేవేళకు తిరిగి రావచ్చు. డీలరు సాయంత్రం బండికి పోవాలి.

"గవేంది సార్, బొట్లు పెట్టి ఉన్నయి?" అన్నాడు డీలరు షెల్ఫు వైపు చూసి.

"గవి మా పాత అక్షరాలు."

"ఇగ వాటితోటి పనేముంది సార్? కొత్తదాంట్ల ఎట్లా నడువయి. ఇటియ్యుండ్రి."

భూపాల్‌రావు లేచాడు. షెల్ఫు దగ్గర ఒక క్షణం నిలబడ్డాడు. ఆ క్షణాన్ని అతను తరువాత చాలాసార్లు సాగదీసి చూసుకున్నాడు. బస్సు ఎక్కినట్టూ, కిటికీ పక్కన కూర్చున్నట్టూ, కరీంనగర్‌లో దిగి ఖాళీ ఫ్లాపీల డబ్బా కొన్నట్టూ ఊహించుకున్నాడు. ఒక్క మధ్యాహ్నం ప్రయాణం. నిజంగా చేసిందేమిటంటే, కవర్లు షెల్ఫులోనే ఉంచి, లోపలి ఫ్లాపీలను తీసి తన చేత్తోనే ఇచ్చాడు. మిషన్ కరకరమంటూ వాటిని తుడిచి, వాటి మీద కొత్తది రాసుకుంది. పని అయ్యాక ఫ్లాపీలు మళ్ళీ అవే కవర్లలోకి పోయాయి. పైన 'మన అక్షరాలు'. పసుపు కొంచెం అతని వేలికి అంటింది.

మరునాడు లింగమూర్తి వస్తే చెప్పాలనుకున్నాడు. ఆ రోజు తెర రంగులు చూడటానికి జనం వచ్చారు. ఆ తరువాతి రోజు పోచవ్వ ఒంట్లో మళ్ళీ బాగాలేదు. ఆ తరువాత, ఇన్నాళ్ళు చెప్పకుండా ఇప్పుడు చెప్పడమేమిటి అనిపించింది.

కొత్తదానితో లింగమూర్తికి పొసగలేదు. సీసం అక్షరాలు ఏరిన వేళ్ళకు మౌస్ సబ్బు బిళ్ళలా జారిపోయేది. బాణం గుర్తు తెర మీద ఒక మూల నుంచి మరో మూలకు తప్పించుకు తిరుగుతుంటే గల్లీ పోరగాళ్ళు కేరింతలు కొట్టేవాళ్ళు. భూపాల్‌రావు మంచిమాటే చెప్పాననుకున్నాడు:

"లింగం, ఇగ నీకు ఫికర్ లేదు. అక్షరాలు చేసుడు తప్పింది. కార్డులు మలుస్తూ ఆరామ్‌గ కూసో."

లింగమూర్తి కొన్నాళ్ళు కార్డులు మడతపెట్టాడు. ఒకరోజు భోజనాలవేళ భూపాల్‌రావు బ్యాంకుకు పోయి తిరిగి వచ్చేసరికి, అతను షెల్ఫు ముందు నిలబడి ఉన్నాడు. ఏదో వెతుకుతున్నాడేమో అనుకున్నాడు భూపాల్‌రావు. ఆ సాయంత్రం వెళ్ళేముందు లింగమూర్తి అన్నాడు.

"బెల్లంపల్లిల పాత ప్రెస్సు ఒకటున్నది. బడి ప్రశ్నపత్రాలు కొడుతరు. కంపోజిటర్ కావాల్నట. రేపటిసంది పోతున్న రావుసాబ్."

మాటంతా విన్నాక గాని చివరి ముక్క భూపాల్‌రావు చెవిలో పడలేదు. పడ్డాక, హాస్యమేమో అనుకొని మొహం చూశాడు. హాస్యం కాదు.

రోజూ పొద్దున రైలుకు బెల్లంపల్లి పోయి, సందెకు తిరిగి వచ్చేవాడు లింగమూర్తి. రోడ్డు మీద కనిపిస్తే ఆగి పలకరించేవాడు. బాగున్నారా రావుసాబ్, అక్కయ్య బాగున్నదా. మర్యాదలో లోటేమీ లేదు. మంచిర్యాలలో అందరూ చూపించే మర్యాదే. దుకాణం బాగానే నడిచింది. నున్నటి అక్షరాలకు మంచి పేరొచ్చింది. భూపాల్‌రావు మాత్రం ఎవరైనా గడపలో నీడపడితే తలెత్తి, రావుసాబ్ అన్న పిలుపు విని తల దించుకునేవాడు. ఒక్కసారి, ఎలాగైనా, మళ్ళీ ఆ 'ఏందోయ్' వినాలని అతనికి ఉండేది. దాన్ని ఎలా అడగాలో తెలిసేది కాదు. ఎవడైనా పోయి, నన్ను మర్యాద లేకుండా పిలవవోయ్ అని అడుగుతాడా?

మరుసటి ఏడు చలికాలంలో పోచవ్వ పోయింది. భూపాల్‌రావు పాడె పట్టాడు. మూడోనాడు లింగమూర్తి దుకాణానికి వచ్చాడు, గడ్డంతో, భుజం మీద తువాలుతో. చాలా రోజుల తరువాత కుర్చీలో కూర్చున్నాడు. దినాల కార్డులు వేయాలి, ఎంతవుతుందో చెప్పమన్నాడు.

"నీ దగ్గర పైసలు తీసుకుంటనా లింగం? నాకు సుత అవ్వనే గద."

లింగమూర్తి తువాలు అంచు మడత పెట్టాడు.

"అయితే ఒక్కటి చేస్తవా? కార్డంతా నీ కొత్త అక్షరాలల్లనే వెయ్యి. అవ్వ పేరు ఒక్కటి మాత్రం మన పాత అక్షరాలల్ల తియ్యి. గా చుక్కలల్ల. గా వొత్తుతోటి." షెల్ఫు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఉన్నయి గద."

చేస్తవా అన్నాడు, చేస్తారా అనలేదు. నువ్వు అన్నాడు. భూపాల్‌రావుకు ఇంకొక్క అడుగు వేస్తే ఆ 'ఏందోయ్' వచ్చేస్తుందనిపించింది. బొట్లు పెట్టిన కవర్లు ఇద్దరికీ ఎదురుగా ఉన్నాయి.

"ఉన్నయి," అన్నాడు. "తీస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

లింగమూర్తి అతని మొహం వైపు కొంచెంసేపు చూశాడు. "సరే," అని లేచి వెళ్ళిపోయాడు.

భూపాల్‌రావు చేయని ప్రయత్నం లేదు. పాత మిషన్ కోసం హైదరాబాద్‌కు ఫోను చేశాడు. మారకం కింద తీసుకుపోయిన ఆ పెట్టెను ఎప్పుడో విప్పి ముక్కలు అమ్మేశామని డీలరు చెప్పాడు. లోపలి డిస్కు ఎటూ మూగదే. తానే చుక్కలు పెడదామని కాగితం ముందు కూర్చున్నాడు. వకారం వచ్చింది. వొత్తు తోక దగ్గర ఆగిపోయింది. ఎంత పైకి తిరిగిందో గుర్తు రాలేదు. చూసి గీద్దామంటే దుకాణంలో పాత కార్డు ఒక్కటీ మిగల్లేదు, ఎవరింటికైనా పోయి అడిగితే సంగతి లింగమూర్తి చెవిన పడుతుంది. కొంగు దోపుకున్నట్టు ఉండాలి. గీసిన ప్రతిసారీ పాము పడగ ఎత్తినట్టు వచ్చింది. చివరికి, కార్డు మొత్తం కొత్త అక్షరాల్లోనే అందంగా వేద్దామని, ఫ్లాపీలు చెడిపోయాయని తరువాత నెమ్మదిగా చెబుదామని తీర్మానించుకున్నాడు. మంచి దళసరి కాగితం తెప్పించాడు. తేదీ చూశాడు, స్థలం చూశాడు, బంధువుల పేర్లన్నీ వేలు పెట్టి చూశాడు. మధ్యలో పెద్ద అక్షరాల్లో ఉన్న పేరును మాత్రం చూడలేదు. తెలిసిన మొహాన్ని ఎవరు పరీక్షగా చూస్తారు? కట్ట కట్టి లింగమూర్తి ఇంటికి పంపించాడు.

మరునాడు పొద్దున చాయ్ హోటల్ రాజం గ్లాసు చేతికిస్తూ అన్నాడు.

"ఏంది రావుసాబ్, పోచమ్మ సచ్చిపోయిందట గద."

"పోచవ్వరా."

"నేను గదే అన్న. కార్డు మీద పోచమ్మ అనే ఉన్నదట. గుడికాడ బోనం ఎత్తే యాదవ్వ పక్కింటి పిలగానితోటి చదివిచ్చుకున్నదట. ఊరును కాసే పోచమ్మే పాయె, ఇగ మనకెవరు దిక్కని ఆడోళ్ళు ఒకటే నవ్వుడు. మీ తాననే అచ్చయిందట."

భూపాల్‌రావు గ్లాసు అక్కడే పెట్టి దుకాణానికి వచ్చాడు. మిగిలిన కార్డు ఒకటి తీసి చూశాడు. నున్నగా, గుండ్రంగా, ఎంతో అందంగా 'పోచమ్మ' అని ఉంది. మీటల ముందు కూర్చొని ఆ పేరు మళ్ళీ కొట్టాడు. అతని వేలు దానంతటది డబుల్యూ మీదికి పోయింది. పాతదాంట్లో అక్కడ వ్వ ఉండేది. మద్రాసు ప్యాకేజీలో ఆ మీట మీద మ్మ ఉంది. డబుల్యూను తలకిందులు చేస్తే ఎమ్మే గదా. నాలుగేళ్ళ అలవాటున్న వేలికి తలకిందులైన సంగతి ఎవరు చెప్పాలి? ఏడాదిగా ఎన్ని కార్డుల్లో దుర్గవ్వలు దుర్గమ్మలయ్యారో, యాదవ్వలు యాదమ్మలయ్యారో. అవి కూడా పేర్లే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. నాగరికంగా వేశాడనుకొని ఉంటారు. పోచమ్మ దగ్గర మాత్రం దొరికిపోయాడు.

సరైన పేరుతో మళ్ళీ కార్డులు వేసుకొని తానే రైల్వేగేటు దగ్గరికి పోయాడు. లింగమూర్తి ఇంట్లో లేడు. అతని భార్య బాలలక్ష్మి వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"అన్నా, కార్డులు పంచుడు ఇగ అయిపోయినట్టే. తెల్లారి నాలుగు ఇండ్లకు పోయినయి గని, గా నవ్వులు విని ఆపిండు. మిగిలినవాటికి సరిచేసిండు."

"ఎట్ల?"

ఆమె లోపలికి పోయి ఒక కార్డు తెచ్చి ఇచ్చింది. పైన భూపాల్‌రావు పేరు రాసి ఉంది. నున్నటి కార్డు మధ్యలో, 'పోచమ్మ' మీద ఒక చిన్న కాగితం ముక్క అతికించి ఉంది. బూడిదరంగు చుక్కలతో 'పోచవ్వ'. వొత్తు తోక కొంగు దోపుకున్నట్టు పైకి తిరిగి ఉంది. పోచవ్వ తన భర్త ఫోటో వెనక దాచుకున్న ఆ మొదటి కాగితాన్ని జిరాక్సు తీయించి, ఆ నకళ్ళను పేరు మేరకు కత్తిరించి, ఒక్కో కార్డుకూ లింగమూర్తి తన చేత్తో అతికించాడు.

"మీరు తెచ్చినయి సుత ఉండనియ్యి అన్నా," అంది బాలలక్ష్మి, అతను చేతిలో పట్టుకున్న కట్టను చూసి. కట్ట అందుకొని గూట్లో పెట్టింది.

దినాలనాడు భూపాల్‌రావు సరళాదేవితో కలిసి పోయాడు. ఇంటిముందు టెంటు. పోచవ్వ ఫోటోకు బంతిపూల దండ. ఆ పక్కనే, భర్త ఫోటో అంచుకు, రంధ్రాల కాగితం మళ్ళీ దోపి ఉంది. భోజనాల బంతిలో కూర్చున్నవాళ్ళకు లింగమూర్తి స్వయంగా వడ్డిస్తున్నాడు. భూపాల్‌రావు విస్తరి దగ్గరికి వచ్చి అన్నం పెట్టి, పచ్చిపులుసు పోశాడు. పోచవ్వ చేసినట్టే, ఉల్లిగడ్డలు పెద్దపెద్ద ముక్కలుగా ఉన్నాయి. భూపాల్‌రావు తినలేక తిన్నాడు.

చేతులు కడుక్కునే చోట లింగమూర్తి చెంబుతో నీళ్ళు పోస్తుంటే, ఇద్దరే ఉన్నారు.

"లింగం. గా ఫ్లాపీలు..."

"నాకెరుకే."

"ఎప్పటిసంది?"

"నువ్వు బ్యాంకుకు పోయిన్నాడే. అవ్వ బొట్టు పెట్టినయి గద, కొత్త పెట్టెల ఒకసారి పెట్టి చూద్దామనుకున్న. పెట్టిన. మీద నా రాత ఉన్నది. లోపట ఇంకోటి ఉన్నది."

అంటే అంతా తెలిసే ప్రెస్సుకు పోయాడు. భూపాల్‌రావు చేతులు నీళ్ళ కింద అలాగే ఉండిపోయాయి.

"ఎరుకుండి మరి మొన్న ఎందుకు అడిగినవ్, అవ్వ పేరు గా అక్షరాలల్ల తియ్యుమని?"

లింగమూర్తి చెంబు వంచడం ఆపాడు.

"లెవ్వు అంటవేమో అని."

అంతే. భూపాల్‌రావు ఆనాడు షెల్ఫు ఎదురుగా నిలబడి, లేవు లింగం, నా చేతులతోనే తుడిపేసిన అని ఒక్క మాట అని ఉంటే చాలేది. అడిగినవాడు ఆ మాట కోసమే, తల్లి పోయిన మూడోనాడు గడ్డంతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఫ్లాపీలు తుడిచినందుకు కాదు అతను రావుసాబ్ అన్నది. కవర్లను బొట్లతో సహా అలాగే నిలబెట్టినందుకు. 'నువ్వు' అన్న పిలుపుతో మళ్ళీ ఒక అవకాశం ఇస్తే, 'ఉన్నయి' అన్న అబద్ధమే జవాబుగా దొరికింది.

సరళాదేవి టెంటు బయట ఎదురుచూస్తోంది. లింగమూర్తి భుజం మీది తువాలు తీసి, చేతులు తుడుచుకోమని అందించాడు. గేటు దాకా వచ్చి, సరళాదేవికి దండం పెట్టాడు.

"పోయిరాండ్రి అక్కయ్యా. పోయిరాండ్రి రావుసాబ్."

భూలింగం కంప్యూటర్స్ ఆ తరువాత ఇంకా చాలా ఏళ్ళు నడిచింది. రెండు మూడేళ్ళకొకసారి డీలరు వచ్చేవాడు. ఇప్పుడున్నది పాతబడిందని, కొత్తది వచ్చిందని చెప్పేవాడు. భూపాల్‌రావు బేరం ఆడకుండా కొనేవాడు. కొన్న ప్రతిసారీ, బిగించగానే, మొదట డబుల్యూ మీట నొక్కి చూసేవాడు. బోర్డు మాత్రం మార్చలేదు. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఇంకా గడప బయట చెప్పులు విప్పేవాళ్ళు. వాళ్ళు లోపలికి వచ్చి రావుసాబ్ అని పిలిచేదాకా, ఆ కాళ్ళచప్పుడు ఎవరిదైనా కావచ్చు గదా అని అతను తలెత్తకుండా వినేవాడు.